నిక్కో కొండల్లో తుమ్ముల కాలం

టోక్యోకు ఉత్తరాన తోచిగి ప్రాంతపు కొండల్లో నిక్కో అనే ఊరుంది. జపాన్‌ను ఏలిన తోకుగావా వంశానికి మూలపురుషుడు ఇయెయాసును 1617లో అక్కడి మందిరంలో ప్రతిష్ఠించారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు మత్సుదైరా మసత్సునా అనే సామంతుడు మందిరానికి వెళ్ళే దారుల పక్కన సుగి అనే జపాన్ దేవదారు మొక్కలు నాటించడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళకు పైగా నాటించి, 1648లో ఆ సాలును మందిరానికి కానుకగా సమర్పించాడు. మూడు దారుల్లో కలిపి 35 కిలోమీటర్లు దాటిన ఆ చెట్ల వరుస ఇప్పటికీ నిలిచే ఉంది. ఈ ఊళ్ళోనే 1963 వసంతంలో ముక్కు కారుతూ, కళ్ళు ఎర్రబారి ఆస్పత్రికి వస్తున్న జనాన్ని సైతో యోజో అనే వైద్యుడు గమనించాడు. మరుసటి ఏడు హొరిగుచి అనే సహరచయితతో కలిసి ఆయన ప్రచురించిన వ్యాసంతో సుగి పుప్పొడి అలర్జీ వైద్యశాస్త్రంలోకి ఎక్కింది. చెట్లున్నాయి, పుప్పొడి రాలింది, జనం తుమ్మారు అనుకుంటే కథ ఇక్కడికే అయిపోతుంది. కానీ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ తుమ్ముల కాలానికి చెట్టు కన్నా కలప లెక్కలే ఎక్కువ బాధ్యత వహించాలని నాకు అనిపిస్తుంది.

యుద్ధ కాలంలో, ఆ తర్వాత ఇళ్ళు మళ్ళీ కట్టుకునే రోజుల్లో జపాన్ కొండలను ఎడాపెడా నరికారు. బోడి కొండల మీంచి మట్టి కొట్టుకొచ్చి వరదలు ముంచెత్తాయి. 1950 నుంచి మొక్కలు నాటడం జాతీయ ఉద్యమమైంది, ఏటా జరిగే ఉత్సవంలో చక్రవర్తి కూడా స్వయంగా మొక్క నాటేవారు. నాటడానికి సుగినే ఎంచుకోవడంలో వింతేమీ లేదు. అది నిటారుగా, త్వరగా పెరుగుతుంది, స్తంభాలకూ వాసాలకూ ఇట్టే పనికొస్తుంది. అదే సమయంలో వంటిళ్ళలోకి కిరోసిన్, గ్యాస్ వచ్చి కట్టెబొగ్గుకు గిరాకీ పడిపోయింది. తరతరాలుగా బొగ్గు బట్టీలకు కొమ్మలిచ్చిన వెడల్పాకుల అడవులకు విలువ లేకుండా పోయింది, వాటిని కొట్టేసి ఆ చోటా సుగినే పెట్టారు. ఉద్యమం జోరుగా ఉన్న ఏళ్ళలో అన్ని రకాలూ కలిపి ఏటా దాదాపు 4 లక్షల హెక్టార్లలో నాట్లు పడ్డాయి. ఇవాళ ఒక్క సుగి తోటలే సుమారు 44 లక్షల హెక్టార్లు. నలభై, యాభై ఏళ్ళకు నరికి అమ్ముకుంటే మనవల కాలానికి ఆస్తి అవుతుందన్నది కొండ పల్లెల లెక్క. ఆ లెక్క తప్పింది. 1964లో, అంటే నిక్కో వ్యాసం వెలువడిన ఏడాదే, విదేశీ కలపకు తలుపులు బార్లా తెరిచారు. 2000 నాటికి దేశంలో వాడే కలపలో సొంత అడవులది ఐదో వంతు కన్నా తక్కువకు దిగింది. నరికి కిందికి దించితే కూలి ఖర్చు కూడా గిట్టని పరిస్థితుల్లో పడుచువాళ్ళు పట్నాలకు పోయారు, తోటలను పలచన చేసే చేతులు కూడా కరువయ్యాయి.

సుగికి పాతిక ముప్ఫై ఏళ్ళు వస్తేనే పుప్పొడి దండిగా రాలుతుంది. 1950లలో పెట్టిన మొక్కలు 1970ల చివరికి ఆ వయసుకు వచ్చాయి, జబ్బు దేశమంతా పాకిందీ సుమారు అప్పటినుంచే. మరి నిక్కోలో అంత ముందుగా ఎందుకు కనిపించింది? అక్కడి సాలు అప్పటికే మూడు వందల ఏళ్ళది కనుక. పక్క కొండల మీద నారు మొక్కలు నాటుతున్న రోజుల్లోనే ముదురు చెట్టు ఏం చేస్తుందో నిక్కో చూపించింది. ఆ రెంటినీ కలిపి చదివినవాళ్ళు లేకపోయారు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం బలమైనదే. సాలు మూడు వందల ఏళ్ళు నిలబడి ఉంటే, అన్నాళ్ళూ ఎవరూ తుమ్మలేదా? తుమ్మే ఉంటారు, దాన్ని పడిశం అనుకుని ఊరుకుని ఉంటారు, పెరిగింది జబ్బు కాదు, గుర్తింపే అంటారు కొందరు. మొదటి కేసుల వరకు ఈ మాట ఒప్పుకోవచ్చు. తర్వాతి పెరుగుదలకు మాత్రం ఇది చాలదు. జపాన్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యుల్నీ వాళ్ళ కుటుంబ సభ్యుల్నీ పదేళ్ళకోసారి అడిగి లెక్క కట్టారు. 1998లో వాళ్ళలో 16.2 శాతానికి సుగి అలర్జీ ఉంటే 2008లో 26.5 శాతానికి, 2019లో 38.8 శాతానికి ఉంది. పడిశానికీ అలర్జీకీ తేడా 1998లో ఈ ఇళ్ళవాళ్ళకు తెలియదని అనలేం కదా. ఇంకో సాక్ష్యం కోతులది. 1980లలో అవాజి ద్వీపంలో కోతులకు వసంతంలో ఇవే లక్షణాలు కనిపించాయి, వాటికి సుగి పుప్పొడి పడటం లేదని తేలింది. పత్రికలు చదివి వాటికా అనుమానం వచ్చి ఉండదు.

రెండో అభ్యంతరం నిక్కో నుంచే వచ్చింది. 1987లో ప్రచురించిన ఒక అధ్యయనం ఆ ప్రాంతంలోనే ఇళ్ళను పోల్చింది. వాహనాలు రద్దీగా తిరిగే సుగి దారుల పక్కన ఉన్నవాళ్ళలో జబ్బు ఎక్కువగా కనిపించింది, అంతే పుప్పొడి ఉండి బళ్ళు తక్కువగా తిరిగే సుగి అడవి పక్కన తక్కువగా కనిపించింది. డీజిల్ పొగ మీద అనుమానం అప్పటినుంచీ బలపడింది. అయితే దోషి పొగే, తోటలు కావన్నమాటా? నాకలా తోచదు. పొగ మంటను ఎగదోస్తుంది, మండే సరుకు పుప్పొడే. రాలింది ఎంత అన్నదే మొదటి ప్రశ్న, దాన్ని కొలిచే పద్ధతి చాలా సాదా. వ్యాజలీన్ పూసిన గాజు పలకను ఒక రోజంతా బయట ఉంచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చదరపు సెంటీమీటరుకు ఎన్ని రేణువులున్నాయో లెక్కపెడతారు. ఒకటికి తగ్గకుండా వరసగా రెండు రోజులు పడితే ఆ మొదటి రోజును కాలం మొదలైన రోజుగా ప్రకటిస్తారు. ముప్ఫై దాటితే ఎక్కువ కింద లెక్క. బియ్యపు గింజంత మగ పూలు కొమ్మల చివర ముందటి వేసవిలోనే కడతాయి, ఎండలు మండిన వేసవి తర్వాత వచ్చే వసంతంలో రేణువులు విరగబడి రాలతాయి. ఫిబ్రవరి గాలికి కొండ మీంచి పసుపు పొగలా లేచి పదుల మైళ్ళు పోతాయి. కనుక పల్లె అమ్ముకోలేకపోయిన చెట్టు పట్నం ముక్కును కూడా వదలదు.

2023లో ప్రభుత్వం పుప్పొడి రాల్చే సుగి తోటలను పదేళ్ళలో ఇరవై శాతం తగ్గిస్తామని, ముప్ఫై ఏళ్ళలో పుప్పొడిని సగానికి తెస్తామని ప్రకటించింది. పుప్పొడి తక్కువ రకాల నారు పెంచడం, నరికే యంత్రాలకూ కూలీలకూ ఏర్పాట్లు చేయడం అందులో భాగం. నిక్కో సాలు జోలికి మాత్రం ఎవరూ పోరు, అది చట్టం కాపాడే చారిత్రక సంపద. రోడ్లు వేళ్ళను కోసి, బళ్ళ పొగ కమ్మి అక్కడి చెట్లు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. ఇప్పుడు పన్నెండు వేల చిల్లర మిగిలాయి. వాటిని నిలబెట్టడానికి తోచిగి ప్రభుత్వం 1996లో ఒక పథకం పెట్టింది. చెట్టుకు కోటి యెన్‌లు కట్టి యజమాని కావచ్చు, ఆ సొమ్ము మీద వచ్చే రాబడిని సాలు సంరక్షణకు వాడతారు. ఆ సాలుకు ఎదురుగా ఉన్న కొండల మీద అదే జాతి చెట్టును కొట్టి కిందికి దించాలంటే సర్కారు సాయం కావాలి.