విత్తనం మీద పెత్తనం ఎవరిది?

రైతు ఆత్మహత్యల మీద మన ప్రాంతంలో కవిత్వం చాలా వచ్చింది, కథలూ వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పురుగుమందు డబ్బా దగ్గరే ఆగిపోతున్నాయని నా అభిప్రాయం. ఆ డబ్బా పక్కనే ఉన్న పత్తి విత్తనాల ప్యాకెట్ ధరను ఎవరు, ఏ హక్కుతో నిర్ణయించారని అడగకుండా రాసిన విషాదం, ఎంత నిజాయితీతో రాసినా, సగం సత్యమే అవుతుంది. మిగతా సగం చరిత్రలో ఉన్నది.

1940లలో జనగామ తాలూకాలో దోపిడీకి ఒక చిరునామా ఉండేది. అది గడీ. విసునూరు దేశముఖ్ పంట మీదికి మనుషుల్ని పంపితే పాలకుర్తి ఐలమ్మ సంఘం అండతో ఆ పంటను దక్కించుకున్నది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖ్ మనుషుల తూటాకు బలయ్యాడు. శత్రువు ఎవరో, ఎక్కడున్నాడో అందరికీ తెలుసు. ఆనాటి దొర నాగు పేరిట గింజలు అప్పిచ్చి వడ్డీ గుంజాడు. కాని గింజలోని గుణం తన సొత్తని అనలేదు. ఆ మాట అన్నది బహుళజాతి కంపెనీ.

ఆ మాట అనే ధైర్యం దానికి ఎక్కడి నుంచి వచ్చింది? 1972 డిసెంబరులో చిలీ అధ్యక్షుడు అయెండే ఐక్యరాజ్యసమితిలో నిలబడి, బహుళజాతి సంస్థలు స్వతంత్ర దేశాల రాజ్యాధికారాన్నే కబళిస్తున్నాయని హెచ్చరించాడు. మరుసటి సెప్టెంబరులో సైనిక కుట్ర ఆయన ప్రభుత్వాన్ని కూల్చింది. ఆయన ప్రాణమూ పోయింది. 1974లో వర్ధమాన దేశాలు నూతన అంతర్జాతీయ ఆర్థిక వ్యవస్థ కావాలని అదే సమితి చేత ప్రకటన చేయించాయి. ఈ కంపెనీలకు ఒక ప్రవర్తనా నియమావళి రాయాలని ఏళ్ల తరబడి చర్చలు నడిచాయి. 1992లో ఆ ప్రయత్నం అటకెక్కింది. రెండేళ్లు తిరిగే సరికి, 1994 ఏప్రిల్‌లో, మరకేష్‌లో ట్రిప్స్ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. 1995 జనవరి 1న అది ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు అమలులోకి వచ్చింది. కంపెనీల బాధ్యతలు చెప్పవలసిన పత్రం మూలపడింది, వాటి హక్కులు చెప్పే పత్రం ప్రపంచ శాసనమైంది. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇదే కాలంలో వరంగల్ జిల్లా చల్కల్లోకి, వాన మీదనే ఆధారపడ్డ చేలల్లోకి పత్తి వ్యాపించింది. 1997-98లో అకాల వర్షాలు, లద్దె పురుగు కలిసి పంటను ఊడ్చేశాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. విత్తనం అమ్మేదీ, మందు ఉద్దెరకిచ్చేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఒకే షాపు. ఆ అప్పుల కింద ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

అందుకే 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చినప్పుడు, మందుల ఖర్చు తగ్గుతుందన్న మాటకు రైతు చెవి ఒగ్గాడు. అది అమాయకత్వం కాదు, అనుభవం. కాయతొలుచు పురుగు నుంచి కొన్నేళ్లు ఊరట దొరికిన మాట నిజం. మొదట వచ్చిన మెక్ రకాలు మాత్రం వరంగల్‌లో దెబ్బతిన్నాయి. నష్టపరిహారం మీద వివాదం రేగింది. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వాటికి అనుమతి పొడిగించలేదు.

అసలు పోరు ధర మీద. ఎకరానికి సరిపడే 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 రూపాయల దాకా మోన్‌శాంటో సాంకేతిక రుసుమే. 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్త వ్యాపారాల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. పాతబడిందని మార్కెట్ పండితులు ఎగతాళి చేసిన 1969 నాటి చట్టమే అప్పుడు పనికొచ్చింది. మే నెలలో రుసుము తగ్గించమని కమిషన్ ఆదేశించింది. రాష్ట్రం ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. సుప్రీంకోర్టుకు వెళ్లినా కంపెనీకి స్టే దొరకలేదు. ప్రపంచీకరణ ముందు ప్రభుత్వాలు నిస్సహాయమనే వాదానికి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

అయితే ఈ విజయానికి హద్దు ఉన్నది. మన పేటెంటు చట్టం విత్తనానికి పేటెంటు ఒప్పుకోదు. 2001 నాటి మొక్కల రకాల చట్టం రైతుకు విత్తనం దాచుకునే హక్కు ఇచ్చింది. కాని బీటీ గుణాన్ని సంకర విత్తనంలోనే పెట్టి అమ్మారు. దాచిన గింజ మరుసటి ఏడు అదే కాపు ఇవ్వదు. చట్టం ఇచ్చిన హక్కును సంకర విత్తనం సంచిలోనే చంపేసింది. రుసుము తగ్గినంత మాత్రాన విత్తనం ఇంటికి తిరిగి రాలేదు. దాన్ని అమ్మి లాభపడ్డవాళ్లలో స్వదేశీ విత్తన కంపెనీలూ ఉన్నాయి. ఒకప్పుడు మోన్‌శాంటో లైసెన్సుతో వ్యాపారం చేసిన హైదరాబాదు కంపెనీయే తరువాత రుసుము మీద దానితో కోర్టుకెక్కింది. 2018లో మోన్‌శాంటోను జర్మనీకి చెందిన బేయర్ కొనేసింది. 2020లో కేంద్రం ఆ రుసుమును సున్నా చేసింది. అప్పటికే గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవటం నేర్చింది.

రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ నా మనవి ఇది. గడీని వర్ణించటం మన సాహిత్యానికి చేతనైంది. ఎందుకంటే అది కంటికి కనిపించింది. ప్యాకెట్ వెనక ఉన్న పెత్తనం సెయింట్ లూయిస్‌లో, జెనీవాలో, ఢిల్లీలో, హైదరాబాదులో పంచుకుని ఉన్నది. మానుకోట రైతు ఆ తలుపులేవీ తట్టలేడు. అతనికి కనిపించేది షాపు సేటు ఒక్కడే. మన కథల్లోనూ దుర్మార్గుడు తరచు ఆ సేటే అవుతున్నాడు. సేటు నిర్దోషి కాడు, కాని అతను గొలుసులో చివరి కొక్కెం మాత్రమే. మిగతా గొలుసును పాఠకుడికి చూపించే కథ ఇంకా రావలసి ఉన్నది.