పండ్లు చూసి, పని చూసి

1986లో కెంటకీ డెర్బీ గెలిచిన ఫెర్డినాండ్ అనే గుర్రం 2002లో జపాన్‌లో కబేళాకు పోయింది. అది చదువుతుంటే నాకు దొర్నిపాడు గుర్తొచ్చింది. మా వైపు గుర్రప్పందేల్లేవు, ఎడ్లతో బండలాగుడు ఉంది. పండ్లు చూసి వయసు కట్టి ఎడ్లను విభాగాల్లో దించుతారు. గెలిచిన జత పక్కన నిలబడి ఫోటో దిగుతాం. ముసలైన జత ఎటు పోయిందో అడగం. మా తాత ముసలెద్దుల్ని సంతకు తోలినప్పుడు నేనూ అడగలేదు.

చట్టం అడిగింది, కానీ ఒకటే ప్రశ్న: ఇంకా పనికొస్తుందా? 1958లో హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు, పనికిరాని ఎద్దుల వధను కూడా పూర్తిగా నిషేధించడం సబబు కాదంది. మన రాష్ట్రం 1977లో తెచ్చిన చట్టమూ అదే దారి పట్టింది. ఆవునీ దూడనీ కోయకూడదు. ఎద్దుకైతే, సేద్యానికీ సంతతికీ ఇక గిట్టుబాటు కాదని సర్టిఫికెట్ ఉంటే చాలు. గుర్రం ఊసు అందులో లేనే లేదు.

2005లో గుజరాత్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం మెజారిటీతో 1958 నాటి మాటను పక్కనపెట్టి, ముసలి ఎద్దు వధనూ నిషేధించొచ్చంది. సంబరపడి తీర్పు తెరిచాను. చెప్పిన కారణాల్లో ఒకటి: ముసలెద్దు పేడ వేస్తుంది, అది ఎరువుకొస్తుంది. అంటే, మళ్లీ పనికొస్తుందనే!

పని చేసింది కదా, ఇక చాలు, బతకనిద్దాం అనే మాట నాకు ఈ మూడింట్లోనూ ముఖ్యంగా కనబడలేదు. బహుమతి అందుకున్న యజమానే ఆ జత ముసలితనం ఖర్చూ మోయాలని పోటీ నిబంధనల్లో రాసుకోవడానికి మనకు ఏ కోర్టూ అక్కర్లేదు.