ఖైదీ పక్కన ఎవరు కూర్చోవాలి?

ఇంగ్లండు జైళ్లలో క్రైస్తవ ఆరాధన చాలా పాత ఆచారమే. అయితే దానికి చట్టం ఏర్పడింది, చాలాచోట్ల పాదిరికి జీతం ముట్టింది 18వ శతాబ్దం ఉత్తరార్ధంలోనే. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల్లో జైలు ప్రార్థన తీరు పదే పదే మారింది. నేరస్థుణ్ణి ఏం చేయాలన్న విషయంలో పాలకుల అభిప్రాయం మారినప్పుడల్లా, ప్రార్థన వేళ అతని పక్కన ఎవరు కూర్చోవచ్చన్న నియమం కూడా మారుతూ వచ్చింది. ఒకప్పుడు వినోదం కోసం వచ్చిన జనం కూర్చున్నారు. మరొకప్పుడు ఎవరినీ కూర్చోనివ్వలేదు. భార్యాబిడ్డలకు అక్కడ చోటు దొరకడం ఇటీవలి ముచ్చట.

న్యూగేట్ నల్ల అర

18వ శతాబ్దపు ఇంగ్లండు జైళ్లలో కుటుంబాలు కనిపించడం వింతేమీ కాదు. జైళ్ల దుస్థితిని ఊరూరా తిరిగి నమోదు చేసిన జాన్ హోవార్డ్ లెక్క ప్రకారం 1776లో ఇంగ్లండు, వేల్స్ జైళ్లలో ఉన్న 4,084 మందిలో 2,437 మంది అప్పు తీర్చలేక లోపలికి వెళ్లినవారే. ఇంటి అద్దె కట్టే దిక్కులేక వారి ఆలుబిడ్డలు కూడా చాలాచోట్ల జైల్లోనే కాపురం పెట్టేవారు. ప్రార్థన మాత్రం ఎవరో ఒకరి దయ మీద ఆధారపడేది. తర్వాత మెథడిస్టు ఉద్యమానికి నాంది పలికిన జాన్ వెస్లీ, ఆయన మిత్రులు 1730లో ఆక్స్‌ఫర్డ్ కోటలోని జైలుకు వెళ్లడం మొదలుపెట్టింది సొంత పూనికతోనే. 1773లో పార్లమెంటు చేసిన చట్టం ఏడాదికి 50 పౌండ్లకు మించని జీతంతో పాదిరిని పెట్టుకునే అధికారాన్ని స్థానిక న్యాయాధికారులకు ఇచ్చింది.

లండన్‌లోని న్యూగేట్ జైలుకు అంతకు ముందు నుంచే సొంత పాదిరి ఉండేవాడు. ఉరిశిక్ష పడినవారి జీవితకథలను, చివరి మాటలను అచ్చు వేసి అమ్ముకోవడం ఆయనకు పక్క రాబడి. అక్కడి మందిరం మధ్యలో నల్లరంగు పూసిన పెద్ద అర ఒకటి ఉండేది. ఉరికి ముందు జరిగే ప్రార్థనలో శిక్ష పడినవారిని అందులో కూర్చోబెట్టి, ప్రసంగం చెప్పేవారు. వారి పక్కన శవపేటికలు ఉంచే ఆచారం కూడా ఒకప్పుడు ఉండేదని, యువ పాత్రికేయుడిగా ఆ జైలును చూసివచ్చిన చార్లెస్ డికెన్స్ రాశాడు. పేరుమోసిన కేసు అయితే ఆ ప్రసంగానికి బయటి జనం ఎగబడేవారు. యజమానిని చంపిన కూర్వాజియే అనే సేవకుడికి 1840లో ఉరి వేసే ముందు జరిగిన ప్రార్థనకు ఉన్నత కుటుంబాల స్త్రీలు కూడా హాజరయ్యారు. ఆరాధన అక్కడ శిక్షలో భాగమైపోయింది. ఖైదీ చుట్టూ జనం ఉన్నా అతని కోసం వచ్చినవారు తక్కువ.

అదే న్యూగేట్‌లో ఆడఖైదీల వైపు మరో తరహా ఆరాధన మొదలైంది. క్వేకర్ శాఖకు చెందిన ఎలిజబెత్ ఫ్రై 1813లో తొలిసారి అక్కడికి వెళ్లినప్పుడు దాదాపు 300 మంది స్త్రీలు, వారి పిల్లలు కొద్దిపాటి గదుల్లో కిక్కిరిసి ఉన్నారు. 1817లో ఆమె తోటి స్త్రీలతో ఒక సంఘం స్థాపించింది. ముందు పిల్లలకు బడి పెట్టి, తర్వాత తల్లులకు కుట్టుపని నేర్పి, రోజూ బైబిలు చదివి వినిపించే ఏర్పాటు చేసింది. పిల్లల చదువు పేరుతోనే తల్లుల నమ్మకం సంపాదించడం ఆమె పనిలో కీలకం. ఖైదీలకు ఆమె చదివి వినిపిస్తున్న దృశ్యాన్ని 2002 నుంచి 2017 దాకా చలామణిలో ఉన్న ఇంగ్లండు ఐదు పౌండ్ల నోటు మీద ముద్రించారు.

పెట్టెల్లో ప్రార్థన

19వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి గాలి ఎదురు తిరిగింది. ఖైదీలు ఒకరినొకరు చెడగొట్టుకుంటారు కాబట్టి ఎవరి గదిలో వారిని ఒంటరిగా ఉంచితే పశ్చాత్తాపం దానంతటదే వస్తుందన్న వాదం బలపడింది. ఫిలడెల్ఫియాలో 1829లో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైలు దీనికి నమూనా. అక్కడ బోధకుడు నడవాలో నిలబడి ప్రసంగిస్తే, ఖైదీలు తమ తమ గదుల్లోంచే వినాలి. కుటుంబాల రాకపోకలు నిషేధం, ఉత్తరాలూ నిషేధమే.

ఇంగ్లండు ఈ పద్ధతిని 1842లో తెరిచిన పెంటన్‌విల్ జైల్లో అమలుచేసింది. గది దాటి బయటికి వచ్చినప్పుడు ఖైదీ ముఖాన్ని కప్పే టోపీ పెట్టుకోవాలి. మందిరంలో మెట్లుమెట్లుగా చెక్క అరలు కట్టారు. ఒక్కో అరలో ఒక్కరే. తలుపు మూసుకుంటే ఎదురుగా పాదిరి తప్ప మరో మనిషి కనిపించడు. ఎత్తైన ఆసనాల మీద కూర్చున్న వార్డర్లకు మాత్రం అందరూ కనిపిస్తారు. 1848లో కట్టిన లింకన్ కోట జైలు మందిరం ఈ అరలతో సహా ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్ శిక్షాకేంద్రంలోనూ ఇదే నమూనా కనిపిస్తుంది.

ఇంత పకడ్బందీగా కట్టినా మనుషులను విడదీయడం సాధ్యం కాలేదు. ఖైదీలు బిగ్గరగా గొంతు విప్పడానికి అనుమతి ఉన్నది కీర్తన పాడేటప్పుడే. అందరూ కలిసి ఎలుగెత్తి పాడుతుంటే, ఆ గోలలో పక్క అరలోని వాడికి కబురు చేరవేయడం తేలిక. లండన్ జైళ్ల గురించి 1862లో పుస్తకం వెలువరించిన హెన్రీ మేహ్యూ ఈ కిటుకును ప్రస్తావించాడు. పైగా ఒంటరితనం కొందరికి మతి చలింపజేస్తోందన్న విమర్శలు పెరిగాయి. 1860 ప్రాంతానికి పెంటన్‌విల్‌లో అరలు తీసేశారు. ఖైదీలు మళ్లీ బల్లల మీద పక్కపక్కన కూర్చున్నారు.

ములాఖత్ గది నుంచి మందిరానికి

సాటి ఖైదీ పక్కకు వచ్చినా, కుటుంబం మాత్రం ములాఖత్ గదికే పరిమితమైంది. రోమ్ నగరంలోని రెజీనా చేలీ జైలు కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఒకప్పటి కన్యాస్త్రీల మఠం అది. దాన్ని ఆనుకుని ఉన్న జానికులం గుట్ట ఎక్కి, లోపలున్న తమవారికి వినబడేలా ఇంటి కబుర్లు కేకలేసి చెప్పడం అక్కడి కుటుంబాల అలవాటు. పోప్ 23వ జాన్ 1958 డిసెంబర్ 26న ఆ జైలుకు వెళ్లి, మీరు నా దగ్గరకు రాలేరు కాబట్టి నేనే వచ్చానన్న అర్థంలో ఖైదీలతో మాట్లాడారు.

కుటుంబాన్ని కూడా పరిచర్యలో భాగం చేసిన ఉద్యమాలు 1970ల్లో ఊపందుకున్నాయి. 1972లో బ్రెజిల్‌లోని సావ్ జోసే దొస్ కాంపోస్‌లో న్యాయవాది మారియో ఒట్టొబోని బృందం ప్రారంభించిన అపాక్ పద్ధతిలో సాయుధ కాపలా ఉండదు, ఖైదీని నంబరుతో కాక పేరుతో పిలుస్తారు. ఆ పద్ధతికి మూలమైన 12 అంశాల్లో ఆధ్యాత్మిక జీవనం ఒకటి, కుటుంబం మరొకటి. 1976లో ఫ్లోరిడాలో మొదలైన కైరోస్ బృందాలు జైల్లో కొన్ని రోజుల ప్రార్థన కూటాలు నడిపి, తర్వాత ఖైదీల ఇంటి ఆడవారి కోసం బయట విడిగా కూటాలు ఏర్పాటు చేశాయి. అదే ఏడాది, వాటర్‌గేట్ వ్యవహారంలో జైలుకెళ్లి వచ్చిన, అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్ సహాయకుడు చార్లెస్ కోల్సన్ ‘ప్రిజన్ ఫెలోషిప్’ను స్థాపించాడు.

ఆ సంస్థకు బాగా పేరు తెచ్చిన కార్యక్రమం ఒక మాజీ ఖైదీ ఆలోచన. దొంగతనాల కేసుల్లో అలబామాలో శిక్ష అనుభవించిన మేరీ కే బియర్డ్, క్రిస్మస్‌కు చర్చిల వాళ్లు ఆడఖైదీలకు ఇచ్చే సబ్బులు, టూత్‌పేస్టులు, షాంపూల గతి ఏమవుతుందో గమనించింది. తల్లులు వాటిని వాడుకోకుండా దాచి, చూడటానికి వచ్చిన పిల్లలకు కానుకలుగా ఇచ్చేవారు. విడుదలయ్యాక 1982లో ఆమె అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరపు షాపింగ్ మాల్స్‌లో క్రిస్మస్ చెట్లు పెట్టి, ఖైదీల పిల్లల పేర్లు రాసిన కాగితపు దేవదూతలను వాటికి వేలాడదీసింది. ఆ కాగితం తీసుకున్నవారు అందులో పేరున్న బిడ్డకు కానుక కొనాలి. అది తల్లి లేదా తండ్రి ఇచ్చినట్టుగా బిడ్డకు చేరుతుంది. ‘ఏంజెల్ ట్రీ’ అనే ఈ కార్యక్రమం చర్చిలకూ ఖైదీల ఇళ్లకూ మధ్య రాకపోకలు పెంచింది.

లూసియానాలోని అంగోలా జైలు మరో మెట్టు ఎక్కింది. 18,000 ఎకరాల ఈ పాత తోటల భూమిలో జీవిత ఖైదీలే ఎక్కువ. 1995లో న్యూ ఆర్లీన్స్ బాప్టిస్టు సెమినరీ అక్కడ శాఖ తెరవడంతో ఖైదీలే వేదాంతం చదివి, సాటి ఖైదీలకు పాస్టర్లయ్యారు. తండ్రులు పిల్లలతో ఒక రోజంతా గడిపే కార్యక్రమాలు కూడా ఆ జైల్లో జరిగాయి.

నేటి పద్ధతి

ఇంగ్లండు, వేల్స్‌లో 1952 జైళ్ల చట్టం ప్రతి జైలుకు చాప్లెయిన్ (జైలు పాదిరి) ఉండాలని చెప్పింది. ఇప్పుడు ఆ బృందంలో క్రైస్తవులతో పాటు ఇతర మతాల గురువులూ ఉంటారు. కొత్తగా వచ్చిన ఖైదీని పలకరించడం, జబ్బుపడినవారిని, ఒంటరి గదిలో పెట్టినవారిని చూసి రావడం వారి విధులు. ఇంట్లో చావు కబురు వస్తే ఖైదీకి ఆ మాట చెప్పే పని కూడా చాలాసార్లు వారిదే అవుతుంది. వారం వారం జరిగే ఆరాధన ఖైదీలకే. కుటుంబాలను పిలిచేది క్రిస్మస్ వంటి ప్రత్యేక సందర్భాల్లో, జైలు అధికారులు అనుమతించిన చోట మాత్రమే. వచ్చేవారి పేర్లు ముందే ఇవ్వాలి, సోదాకు ఒప్పుకోవాలి. బాధితులనూ పిల్లలనూ కాపాడేందుకు కొందరు ఖైదీలకు ఈ అవకాశం ఇవ్వరు.

కుటుంబ బంధాలకు జైలు వ్యవస్థలో చదువు, ఉపాధితో సమానమైన స్థానం ఇవ్వాలని లార్డ్ ఫార్మర్ 2017లో బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక సూచించింది. చూడటానికి ఎవరూ రాని ఖైదీల కోసం అక్కడ అధికారిక సందర్శకుల పథకం ఉంది. ఆ స్వచ్ఛంద సందర్శకులను కుదిర్చి పంపే పని చాలా జైళ్లలో చాప్లెయిన్ బృందమే చూస్తుంది.