ఆధునిక సాహిత్యంలో వివాహం: భ్రమ – వాస్తవం

హైదరాబాదులో ఆబిడ్స్ నుండి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలోని ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ సరోజినీ నాయుడు నివాసం. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఈ భవనంలోనే ఆరంభమైంది. బెంగాలీ కుటుంబంలో పుట్టిన ఆమెకూ తెలుగువాడైన డాక్టర్ గోవిందరాజులు నాయుడికీ 1898లో మద్రాసులో వర్ణాంతర వివాహం జరిగింది. దానిని జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులు. ఆ వివాహానికి ఆధారమైన 1872 చట్టం ప్రకారం వధూవరులు తాము హిందూమతాన్ని గానీ ఇతర ప్రధాన మతాలను గానీ అవలంబించడం లేదని ప్రకటించాలి. అంటే సంస్కరణ వివాహానికి చెల్లించవలసిన మూల్యం ఒకటి ఉంది.

అంతకు ముందు ఏడాది, 1897లో, తొలిసారి అచ్చయి, 1909లో సమూలంగా మారిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం ఆ మూల్యం చెల్లించని సంస్కర్త. వితంతు వివాహంపై అతని ఉపన్యాసాలకు లోటు లేదు; కోల్పోయేది మాత్రం ఏమీ లేదు. ఆ మాటలనే వాస్తవమని నమ్మిన బుచ్చమ్మ ఇల్లు విడిచి వెళ్తుంది. ఇక్కడ భ్రమను కల్పించినవాడు పురుషుడు, నష్టభయం స్త్రీది.

1910 నాటి ‘దిద్దుబాటు’లో ఈ సంబంధం తలకిందులవుతుంది. పుట్టింటికి వెళ్లిపోయినట్లు ఉత్తరం రాసి భ్రమను కల్పించినది భార్య కమలిని. ఆ భ్రమే గోపాలరావుకు తన దాంపత్య వాస్తవాన్ని చూపుతుంది.

కనుక గురజాడ విమర్శ సంస్కరణ వివాహంపై కాదు, మూల్యం చెల్లించని సంస్కరణ వాగ్ధోరణిపై. ఆనాటి పాత్రలను అంచనా వేయడానికి వారి పలుకుల కంటే వారు వదులుకొన్నదే సరైన ప్రమాణం.