పది డాలర్ల రేకు బిళ్ల

న్యూయార్క్ నగరంలో టాక్సీ నడుపుకునే అనుమతి 1937లో 10 డాలర్లకు దొరికేది. అనుమతికి గుర్తుగా కారు బానెట్ మీద ఒక రేకు బిళ్ల బిగిస్తారు. దాన్ని మెడాలియన్ అంటారు. అదే బిళ్ల 2014లో 10 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. మరో నాలుగేళ్లకు 2 లక్షల లోపే చేతులు మారడం మొదలైంది. ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది ముద్దాయిగా ఉబర్‌ను నిలబెడతారు. యాప్ వచ్చింది, టాక్సీ చచ్చింది అన్నది జనంలో స్థిరపడిపోయిన తీర్పు. జరిగినవన్నీ వరుసగా పేర్చుకుంటూ వస్తే ఆ తీర్పు సగమే నిజమని తేలుతుంది. యాప్ చేసింది బుడగను పొడవడం. అంతకుముందు డెబ్భై ఏళ్లకు పైగా ఆ బుడగను ఊదింది నగరమే. బండ్లను లెక్కపెట్టి, ఇన్నే తిరగాలని గీత గీసి, ఆ గీత లోపలి చోటును అమ్ముకోనిచ్చిన పద్ధతిలోనే అసలు తప్పుంది.

గీత గీయడం అమెరికావాళ్లు కనిపెట్టిన విద్య కాదు. లండన్‌లో 1634లో కెప్టెన్ బెయిలీ అనే మాజీ నావికుడు స్ట్రాండ్ వీధిలోని మేపోల్ అనే ఉత్సవ స్తంభం దగ్గర నాలుగు గుర్రపు బండ్లు నిలబెట్టాడు. బండివాళ్లకు ఒకే రకం దుస్తులు, ఎక్కడికి ఎంతో ముందే చెప్పిన ధరలు. గిరాకీ చూసి మిగతా బండ్లూ అక్కడికే చేరాయి. మరుసటి ఏడాదే మొదటి చార్లెస్ రాజు ఒక ప్రకటన చేశాడు: ఊరి వెలుపలికి కనీసం మూడు మైళ్లు పోయే ప్రయాణానికైతే తప్ప అద్దె బండ్లు లండన్ వీధుల్లో తిరగరాదు. థేమ్స్ నది మీద పడవలు నడుపుకుని బతికేవాళ్లకు అప్పటికే బండ్లంటే మంట. వాళ్లలో జాన్ టేలర్ అనే ఆయన కవి కూడా కావడంతో 1623లోనే బండ్లను దుమ్మెత్తిపోస్తూ పుస్తకం అచ్చేశాడు. పాత వృత్తివాడు కొత్త వాహనం మీద చేసే ఫిర్యాదు ఈ నాలుగొందల ఏళ్లలో పెద్దగా మారిందేమీ లేదు. రాజు నిషేధం నిలవలేదు. 1654లో క్రామ్‌వెల్ ప్రభుత్వం 300 బండ్లకు పరిమితి పెట్టింది, 1662లో దాన్ని 400 చేశారు. అలా పెంచుకుంటూ పోయి, 1830ల మొదట్లో సంఖ్య మీద పరిమితినే ఎత్తేశారు. బండ్ల లెక్క పోయాక ఆ స్థానంలో బండి తోలేవాడి అర్హత వచ్చి కూర్చుంది. 19వ శతాబ్దం మధ్య నుంచి లండన్ టాక్సీవాలా ‘నాలెడ్జ్’ అనే పరీక్ష గట్టెక్కాలి. చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల లోపలున్న సుమారు 25 వేల వీధులు, 320 మార్గాలు కంఠతా రావాలి. అందుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ పరీక్ష నెగ్గినవాళ్ల మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన ఒక భాగం పెద్దదై ఉంటుందని 2000లో లండన్ శాస్త్రవేత్త ఎలినార్ మెగ్వైర్ బృందం చూపించింది. మన వాదానికి కావలసింది మాత్రం అంతకంటే మామూలు విషయం. ఆ చదువును బ్యాంకులో తాకట్టు పెట్టలేరు, వేలం వేయలేరు, ఇంకొకడికి రోజువారీ అద్దెకు ఇవ్వలేరు.

న్యూయార్క్ ఎంచుకున్నది లండన్ వదిలేసిన దారినే. అక్కడా దురుద్దేశం ఏమీ లేదనే చెప్పాలి. 1907లో హ్యారీ అలెన్ అనే వ్యాపారి ఫ్రాన్స్ నుంచి తెప్పించిన మీటరు కార్లతో మొదలైన వ్యాపారం 1930ల మాంద్యం నాటికి కిక్కిరిసిపోయింది. వేరే పని దొరకనివాడల్లా టాక్సీ ఎక్కాడు. ఛార్జీలు పడిపోయాయి, డ్రైవర్ల బతుకు దుర్భరమైంది, 1934లో సమ్మె వీధి గొడవల దాకా పోయింది. నియంత్రణ బోర్డు పెట్టిన మేయర్ జిమ్మీ వాకర్ టాక్సీ కంపెనీలో వాటాలున్న ఒక పెట్టుబడిదారు నుంచి బాండ్లు పుచ్చుకున్నట్టు అవినీతిపై జరిగిన సీబరీ విచారణలో బయటపడింది. ఆయన 1932లో రాజీనామా చేశాడు. ఇంత గందరగోళం తర్వాత 1937లో మేయర్ లాగార్డియా హయాంలో హాస్ చట్టం వచ్చింది. అప్పటికి తిరుగుతున్న బండ్లకే బిళ్లలిచ్చి, కొత్తవి ఆపేశారు. యుద్ధకాలంలో కొన్ని బిళ్లలు వెనక్కి రావడంతో సంఖ్య 11,787 దగ్గర నిలిచిపోయింది, 1996 దాకా కదల్లేదు. ఆ మధ్యకాలంలో నగరం మారింది, విమానాశ్రయాలు పెరిగాయి, ఆఫీసులు ఆకాశానికి లేచాయి. బిళ్లల లెక్క మాత్రం అదే. చట్టంలో ప్రాణాంతకమైన వాక్యం సంఖ్యను గురించినది కాదు. బిళ్లను బదిలీ చేసుకోవచ్చన్నదే ఆ వాక్యం. ఊరు ఇచ్చిన అనుమతి ఆ ఒక్క మాటతో ఆస్తి అయి కూర్చుంది. 1979లో బండ్లను లీజుకివ్వడానికి అనుమతించాక దాని ఫలం మరీ స్పష్టంగా కనిపించింది. బిళ్ల ఒకడిది, స్టీరింగ్ ఇంకొకడిది. డ్రైవరు షిఫ్టుకు ముందే అద్దె కట్టి బండి తీయాలి. మొదటి కొన్ని గంటలు వాడు నడిపేది బిళ్ల యజమాని కోసమే.

ఆ తర్వాత నగరమే అమ్మకందారుగా మారింది. 1996 నుంచి కొత్త బిళ్లలను వేలం వేయడం మొదలుపెట్టింది. వేలంపాటలు, బిళ్లల అమ్మకాల మీద పన్నులు కలిపి ఖజానాకు 85 కోట్ల డాలర్లకు పైగా చేరాయని న్యూయార్క్ టైమ్స్ 2019లో తేల్చింది. నగరపాలక సంస్థే ప్రకటనలు ఇచ్చి బిళ్లను నమ్మకమైన పెట్టుబడిగా పొగిడింది. అప్పులిచ్చేవాళ్లు కొనేవాడి సంపాదన చూడడం మానేసి బిళ్ల ధర చూసి అప్పులిచ్చారు. అసలు తీరకుండా వడ్డీ మాత్రమే కట్టించుకునే అప్పులు అవి. కొన్నవాళ్లలో అధికభాగం బంగ్లాదేశ్, పాకిస్తాన్, భారత్, హైతీల నుంచి వచ్చి ఏళ్ల తరబడి అద్దె బండి తోలినవాళ్లు. పెట్టుబడి పెట్టినవాడు నష్టాన్నీ భరించాలి కదా, షేర్లు కొన్నవాడికి ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుందా అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే షేర్ల సంఖ్యను, ధరను, ప్రచారాన్ని మూడింటినీ ప్రభుత్వమే చేతిలో పెట్టుకోదు. ఇక్కడ సరఫరా నగరానిది, వేలం నగరానిది, పొగడ్త నగరానిది. నిజమైన ధరలు దాచి జనాన్ని మోసం చేశారంటూ రాష్ట్ర అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ 2020లో నగరం మీదనే 81 కోట్ల డాలర్ల దావా వేస్తానని నోటీసు ఇచ్చింది. సర్కారు ముద్ర ఉన్న కాగితాన్ని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టినవాణ్ని జూదరి అనడం కుదరదు.

ఉబర్ 2011లో న్యూయార్క్‌లో అడుగుపెట్టేసరికి పరిస్థితి ఇది. యాప్‌లు చేసిన మేలును తక్కువ చేసి చెప్పడం నిజాయితీ కాదు. పసుపు రంగు టాక్సీలు ఎక్కించుకునే ప్రయాణికుల్లో 95 శాతం దాకా మన్‌హాటన్, విమానాశ్రయాలలోనే ఉండేవారు. బ్రాంక్స్‌లోనో క్వీన్స్‌లోనో చెయ్యెత్తి నిలబడితే నిలబడటమే. నల్లవాళ్లను ఎక్కించుకోకుండా పోయే టాక్సీల మీద ప్రఖ్యాత నటుడు డానీ గ్లోవర్ అంతటివాడు 1999లో ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. కొరతతో బతికే వ్యాపారానికి ప్రయాణికుణ్ని గౌరవించాల్సిన అవసరం ఉండదు. అందుకే జనం యాప్‌ను కళ్లకద్దుకున్నారు. కానీ యాప్ కంపెనీలు తమది రవాణా వ్యాపారం కాదు, సాంకేతిక వ్యాపారమని వాదించి పాత నిబంధనల సందుల్లోంచి దూరాయి. లండన్‌లో ఫోను టాక్సీమీటర్ కిందికి రాదని 2015లో హైకోర్టు తేల్చింది. 2019లో అక్కడి రవాణా సంస్థ ఉబర్ లైసెన్సు పొడిగించలేదు. అనుమతి లేనివాళ్లు ఇతరుల ఖాతాల్లో తమ ఫొటోలు పెట్టుకుని 14 వేల ట్రిప్పులు తిప్పారన్నది అందుకు చెప్పిన ఒక కారణం. మరుసటి ఏడాది కోర్టు ఆ లైసెన్సు తిరిగి ఇప్పించింది. 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారు, కనీస వేతనానికీ సెలవు జీతానికీ హక్కున్న పనివాళ్లని తీర్పు చెప్పింది. న్యూయార్క్‌లో అద్దె కార్లు 2015లో సుమారు 63 వేలు, 2018కి లక్ష దాటాయి. 1930ల కథే మళ్లీ వచ్చింది. ఎన్ని కార్లు ఖాళీగా తిరిగినా కంపెనీకి ఖర్చు లేదు. ఎన్ని ఎక్కువుంటే ప్రయాణికుడికి అంత త్వరగా బండి అందుతుంది. ఖాళీ సమయం నష్టమంతా డ్రైవరు మీదనే. 2018లో పలువురు డ్రైవర్లు ప్రాణాలు తీసుకున్నారు.

అయితే పరిమితి తప్పనిసరే కదా, పరిమితి లేకపోవడం వల్లే కదా ఇంత జరిగింది అనవచ్చు. ఈ వాదానికి అన్నిటికంటే బలముంది. నగరం కూడా అలాగే అనుకుని 2018 ఆగస్టులో యాప్ కార్లకు కొత్త లైసెన్సులు ఆపేసింది. ఫలితం ఏమైందో చూడండి. ఆ లైసెన్సు ప్లేట్లను అమ్ముకునే వీలు లేకపోయినా, ప్లేటున్న కార్లను వారానికింతని అద్దెకిచ్చే వ్యాపారం ఊపందుకుంది. ప్లేటు లేని డ్రైవరు మళ్లీ అద్దె కట్టి బండి తీయాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో ఎలక్ట్రిక్ కార్లకు తలుపు తెరిస్తే దరఖాస్తులు వెల్లువెత్తాయి. డ్రైవర్ల సంఘమే కోర్టుకెళ్లి ఆపించింది. 1937లో పాతిన విత్తనం వేరే పేరుతో మొలిచింది.

అదే 2018లో నగరం ఇంకో నిబంధన కూడా చేసింది. దానికి అంతగా పేరు రాలేదు, పత్రికల్లో పెద్ద అక్షరాలూ దక్కలేదు. ఆర్థికవేత్తలు జేమ్స్ ప్యారట్, మైకేల్ రైష్‌ల అధ్యయనం ఆధారంగా డ్రైవరుకు ఖర్చులు పోను గంటకు 17.22 డాలర్లు మిగిలేలా ప్రతి ట్రిప్పుకూ కనీస మొత్తం నిర్ణయించారు. 2019 ఫిబ్రవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులోని కిటుకు ఖాళీ సమయాన్ని లెక్కలోకి తీసుకోవడంలో ఉంది. ప్రయాణికుడు లేకుండా కార్లు ఎంత ఎక్కువసేపు తిరిగితే ట్రిప్పుకు కట్టాల్సిన కనీస మొత్తం అంత పెరుగుతుంది. అంటే ఎక్కువ కార్లను వీధుల్లో ఊరికే తిప్పితే జేబుకు చిల్లు పడేది కంపెనీకే. సంఖ్యను అదుపు చేసే పని జరుగుతుంది కానీ అమ్ముకోవడానికీ అద్దెకివ్వడానికీ ఎవరి చేతిలోనూ బిళ్ల ఉండదు. దీనికీ లోపం ఉంది. 2024లో ఆ లెక్క తగ్గించుకోవడానికి ఉబర్, లిఫ్ట్ కంపెనీలు డ్రైవర్లను గంటల తరబడి యాప్‌లోకి రానివ్వకుండా తలుపు మూశాయి. కిస్తీ కట్టాల్సినవాడికి అది చిన్న దెబ్బ కాదు. కానీ ఇది నిబంధనను సవరించి సరిచేయగల లోపం. పదేళ్ల అప్పుల్లో గడ్డకట్టిన ఆస్తి ధరను సరిచేయడం అలా కాదని ఆ నగరమే రుజువు చేసింది. 2021లో టాక్సీ డ్రైవర్లు 15 రోజులు నిరాహారదీక్ష చేశారు. వాళ్లతో పాటు కూర్చున్న అప్పటి అసెంబ్లీ సభ్యుడు జోహ్రాన్ మమ్దానీ 2025 నవంబరులో ఆ నగరానికే మేయర్‌గా ఎన్నికయ్యాడు. దీక్ష తర్వాతే అప్పులను 2 లక్షల డాలర్లకు కుదించి, అందులో 30 వేలు గ్రాంటుగా ఇచ్చి, మిగతా 1,70,000కు నగరం పూచీ పడింది. 10 డాలర్లకు ఇచ్చిన బిళ్ల భారాన్ని చివరికి పన్ను కట్టే జనమే మోయాల్సి వచ్చింది.

లండన్ స్వర్గమని ఎవరూ అనుకోనక్కర్లేదు. అక్కడ 2010ల మొదట్లో దాదాపు 25 వేలమంది ఉన్న నల్ల టాక్సీ డ్రైవర్లు బాగా తగ్గిపోయారు, అద్దె కార్ల డ్రైవర్లు లక్ష దాటారు. దారి చెప్పే ఫోను జేబులో ఉండగా నాలుగేళ్ల కంఠస్థం ఎందుకన్న ప్రశ్నకు జవాబు చెప్పడం రోజురోజుకీ కష్టమవుతోంది. ఆదాయం పడిపోయిన మాట నిజం. కానీ లైసెన్సు ధర కూలి సంసారాలు వీధిన పడ్డ కథ అక్కడ లేదు. కూలడానికి ధరే లేదు కాబట్టి.

మన దగ్గరికొస్తే, రేకు బిళ్ల మనకు కొత్తేమీ కాదు. దిల్లీలో 1997లో సుప్రీంకోర్టు ఆటోల సంఖ్యను ఉన్నచోట ఆపేసింది, 2011లో లక్షకు పెంచింది. ఆ మధ్యలో పర్మిట్లు ఫైనాన్షియర్ల చేతుల్లోకి పోయి, ఆటో ఖరీదు కంటే పర్మిట్ ఖరీదే భారమైంది. హైదరాబాద్‌లోనూ కొత్త ఆటో పర్మిట్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు నడిచాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి యాప్ కంపెనీలను అగ్రిగేటర్లుగా గుర్తించారు. 2020 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది: ఛార్జీలో కనీసం 80 శాతం డ్రైవరుకు, రద్దీవేళ ఛార్జీ మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు మించకూడదు. 2025 జులైలో ఆ పరిమితిని రెండు రెట్లు చేశారు. ఇవన్నీ ప్రయాణికుడు ఎక్కాక మొదలయ్యే లెక్కలు. గచ్చిబౌలిలోనో బెంజ్ సర్కిల్‌లోనో యాప్ తెరిచి పెట్టుకుని సవారీ కోసం ఎదురుచూసే గంటకు ఇందులో చోటు లేదు. ఈ మార్గదర్శకాలను అమలు చేయాల్సింది రాష్ట్రాలే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు నిబంధనలు రాసేటప్పుడు మొదట ట్రిప్పుల సమాచారం మొత్తం కంపెనీల నుంచి రాబట్టాలి. న్యూయార్క్ ఆ కనీస మొత్తాన్ని నిర్ణయించగలిగింది ఆ సమాచారం చేతిలో ఉండబట్టే. ఖాళీగా తిరిగే గంట ఖర్చు కంపెనీ మీద వేయాలి. పర్మిట్లకు పరిమితి తప్పదనుకుంటే, నడిపేవాడి పేరునే ఇచ్చి, వాడు మానేసిన రోజున ప్రభుత్వమే వెనక్కి తీసుకోవాలి.