కార్పొరేషన్ బడి ఎవరిది?

మా కోల్‌కతాలో ‘కార్పొరేషన్ స్కూలు’ అంటే ఇవాళ గతిలేనివాళ్ల బడి. వందేళ్ల కింద అది ఊరికి గర్వకారణం. 1924లో చిత్తరంజన్ దాస్ మేయరుగా, సుభాష్ చంద్ర బోస్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా వచ్చిన స్వరాజ్య పార్టీ పాలకవర్గం ఉచిత ప్రాథమిక విద్యను తన పనిగా నెత్తికెత్తుకుంది. విద్యాధికారిగా మానవశాస్త్రవేత్త క్షితీశ్ ప్రసాద్ ఛటోపాధ్యాయను నియమించుకుంది.

ఇంకా వెనక్కి వెళితే, 1817లో హిందూ కాలేజీని నిలబెట్టినవి ఊరి పెద్దల చందాలు. తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలని వాళ్లే పూనుకున్నారు. వాళ్లతో నడిచిన గడియారాల వ్యాపారి డేవిడ్ హేర్ జబ్బుపడ్డ విద్యార్థుల ఇళ్లకు మందులు పట్టుకుని వెళ్లేవాడు. బడికీ ఇంటికీ మధ్య ఆ రాకపోకలు ఉండేవి.

అవి తెగిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. 1980ల ఆరంభంలో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఇంగ్లీషు తీసేశారు. ఒకటో తరగతికి అది మళ్లీ వచ్చేసరికి 2004 అయింది. ఈలోగా మధ్యతరగతి తన పిల్లల్ని ప్రైవేటు బడులకు తీసుకుపోయింది. పోయింది పిల్లలే కాదు, హెడ్మాస్టరు గదిలోకి ధైర్యంగా వెళ్లి నిలదీసే మనుషులు కూడా. పనిమనుషుల, రిక్షావాళ్ల పిల్లలు మిగిలారు. పిల్లల చదువు తీరును లెక్కగట్టే అసర్ సర్వే 2022లో చెప్పిన ప్రకారం గ్రామీణ బెంగాల్ బడిపిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్తున్నారు. బడి చెప్పాల్సిన చదువును పేదవాళ్లు కొనుక్కుంటున్నారు.

పేదలకు చదువు మీద శ్రద్ధ లేదన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను, ఒక్కసారీ ఒప్పుకోలేదు. అమర్త్య సేన్ నోబెల్ డబ్బుతో పెట్టిన ప్రతీచి ట్రస్టు బీర్‌భూమ్, మేదినీపూర్, పురూలియా జిల్లాల్లో తిరిగి 2002లో ఇచ్చిన నివేదిక ఆ మాటను కొట్టేసింది. చదువురాని తల్లిదండ్రులు సైతం ఆడపిల్లల్నీ చదివించాలనే కోరుకున్నారు. దళిత, గిరిజన పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లోనే పంతుళ్ల గైర్హాజరు ఎక్కువని కూడా తేలింది. అడిగేవాళ్లు లేరన్న ధీమా అది. అందుకే తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల కమిటీలకు నిజమైన అధికారం ఇవ్వమని సేన్ గట్టిగా కోరారు.

బెంగాల్‌లోనే అందుకు ఒక నమూనా ఉంది. 1990ల చివర్లో మొదలైన శిశు శిక్షా కేంద్రాలనే ప్రత్యామ్నాయ ప్రాథమిక బడుల్లో టీచరును నియమించేది ఎక్కువమంది తల్లిదండ్రులే ఉన్న కమిటీ. నలభై దాటిన స్థానిక స్త్రీలే టీచర్లు. జీతం అన్యాయంగా తక్కువ. అయినా మామూలు బడికన్నా వీటిమీదే తల్లిదండ్రులకు ఎక్కువ నమ్మకం కుదిరింది. తమకు జవాబు చెప్పాల్సిన మనిషి అక్కడ ఉంది మరి.

2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని చెప్పింది. ఇక్కడ హైస్కూళ్లలో తల్లిదండ్రుల ప్రతినిధుల ఎన్నికలు అంతకుముందు నుంచే జరిగేవి. కాకపోతే అవి పార్టీల ప్యానెళ్ల పోటీలైపోయాయి. పార్టీ గెలిచింది, తల్లి గేటు బయటే ఉండిపోయింది.

మరోవైపు బడులు ఖాళీగా మిగులుతున్నాయి. 2024–25 కేంద్ర లెక్కల్లో ఒక్క పిల్లా చేరని బడులు బెంగాల్‌లో 3,812, తెలంగాణలో 2,245. తల్లిదండ్రుల్ని బడికి దగ్గర చేసే ప్రయత్నాలు తెలుగు రాష్ట్రాల్లో జరిగాయి. తెలంగాణ 2024లో తల్లులుండే అమ్మ ఆదర్శ కమిటీలకు బడి మరమ్మతులు అప్పగించింది. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నింటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం జరిపింది. రెండూ మంచివే. అయితే గోడల సున్నమూ ఫ్యాన్లూ చూసుకోవడంతో, ఏడాదికో పండగతో తల్లి పని అయిపోకూడదు.

కోల్‌కతాలో తల్లిదండ్రుల సమావేశం పొద్దున పదకొండింటికి పెడితే నాలుగిళ్లలో అంట్లు తోమే తల్లి రాలేదు. వస్తే పని పోతుంది. ఆదివారం సాయంత్రం పెట్టండి. బెంగాలీ రానివాళ్లకు హిందీలో, ఉర్దూలో, తెలుగులో చెప్పండి. తల్లి ముందే పిల్లచేత పాఠం ఒక పేజీ చదివించండి. చదవలేకపోతే వచ్చే నెలకల్లా ఏం చేస్తారో కమిటీ పుస్తకంలో రాసి, కింద ఆమె చేత వేలిముద్రయినా వేయించుకోండి.