ఇంటి దొంగని సీఆర్‌సీ కూడా పట్టలేదు

మన ఫీల్డులో అందరికంటే ఎక్కువసార్లు వినపడే మాట ఏదీ అంటే, "మా వైపు అంతా బాగానే ఉంది" అన్నదే అంటాను నేను. డేటాబేస్ వాళ్ళదీ అదే మాట, స్టోరేజీ వాళ్ళదీ అదే, నెట్‌వర్క్ వాళ్ళదీ అదే. కొన్నేళ్ళ క్రితం నేనూ అన్నాను. అది తప్పని తేలడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇంకో కుర్రాడు మాట పడ్డాడు. అందుకే ఈ టపా.

సంగతేంటంటే, అప్పుడు నేను పనిచేసేచోట నలభై సర్వర్ల స్టోరేజీ క్లస్టర్ ఒకటి ఉండేది. రాత్రి బ్యాకప్‌లో వచ్చిన ఫైళ్ళు కొన్ని పొద్దున తెరుచుకునేవి కావు. వేలల్లో ఒకటో రెండో, అదీ రోజూ కాదు. ఫైళ్ళని కంప్రెస్ చేసే కోడ్ రాసింది కొత్తగా చేరిన కుర్రాడు. నెట్‌వర్క్ చూసేది నేను. స్విచ్‌లో ప్రతి పోర్టుకీ సీఆర్‌సీ ఎర్రర్లు ఎన్నో చూశాను, అన్నీ సున్నా. పింగ్ కొట్టాను, ఒక్క ప్యాకెట్టూ పోలేదు. ఇంకేం, మేనేజర్ నుంచి క్లయింటు దాకా అందర్నీ పెట్టి మెయిల్ కొట్టాను: నెట్‌వర్క్ శుభ్రంగా ఉంది, కోడ్ చూసుకోండి అని.

ఆ కథకి మళ్ళీ వస్తాను. ముందు కాస్త చరిత్ర. ఎందుకంటే ఈ తప్పు నేను కొత్తగా కనిపెట్టింది కాదు. పెద్దవాళ్ళు ముందే దెబ్బలు తిని, రాసిపెట్టారు. చదవకపోవడం ఒక్కటే నా సొంత ప్రతిభ :)

1980 అక్టోబర్ 27. ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్ కొన్ని గంటలపాటు పూర్తిగా పడకేసింది. అప్పట్లో రౌటర్ పని చేసే పెట్టెల్ని ఇంప్‌లు అనేవాళ్ళు. ఏ లైను ఎలా ఉందో అవి ఒకదానికొకటి కబురు పంపుకునేవి. ఏ కబురు కొత్తదో తెలియడానికి ఆరు బిట్ల వరస నంబరు ఒకటి ఉండేది. ఒక ఇంప్‌లో హార్డ్‌వేర్ చెడి బిట్లు రాలడం మొదలైంది. 44లో ఒక బిట్టు రాలితే 40, అందులో ఇంకోటి రాలితే 8. ఈ నంబర్లు 63 దాటాక మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి, వాళ్ళ లెక్క ప్రకారం 40 కంటే 44 కొత్తది, 44 కంటే 8 కొత్తది, 8 కంటే 40 కొత్తది! మూడు కబుర్లూ ఒకదాన్నొకటి తరుముకుంటూ నెట్‌వర్క్ అంతా తిరిగాయి. మిగతా పెట్టెలకి ఇంకో పని చేసే తీరిక లేకుండా పోయింది. ఎరిక్ రోసెన్ ఈ కథంతా 1981లో ఆర్‌ఎఫ్‌సీ 789గా రాశాడు. గమనించాల్సింది ఒకటే. లైన్ల మీద చెక్‌సమ్ ఉంది. బిట్లు రాలింది మాత్రం లైను మీద కాదు, పెట్టె లోపల.

ఇంకో కథ ఎంఐటీది. సాల్జర్, రీడ్, క్లార్క్ 1984లో అచ్చయిన తమ ప్రసిద్ధ వ్యాసంలో చెప్పారు. అక్కడ ఒక గేట్‌వే కంప్యూటర్, డేటాని ఒక బఫర్లోంచి ఇంకో బఫర్లోకి కాపీ చేసేటప్పుడు, దాదాపు పది లక్షల బైట్లకి ఒకసారి రెండు బైట్లని అటూ ఇటూ మార్చేసేది. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సోర్సు ఫైళ్ళు దాని గుండా మళ్ళీ మళ్ళీ వెళ్ళాయి. ప్రతి అంచెలోనూ చెక్‌సమ్ ఉంది కదా అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. చివరికి పాత ప్రింటవుట్లు ముందేసుకుని, కళ్ళతో పోల్చి చూసి, ఫైళ్ళని చేత్తో దిద్దుకోవాల్సి వచ్చింది.

ఇదెలా జరుగుతుందో మన పద్ధతిలో చెప్తాను. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలకి సీలు వేసి లారీ ఎక్కించారనుకోండి. దారిలో ప్రతి గోడౌన్‌లోనూ సీలు చూస్తారు, విప్పుతారు, మళ్ళీ కొత్త సీలు వేసి పంపుతారు. రోడ్డు మీద దొంగతనం జరిగితే వెంటనే తెలుస్తుంది. గోడౌన్‌లోనే జరిగితే? తూకం తగ్గిన టిక్కీకి కూడా చక్కటి కొత్త సీలే పడుతుంది. ఈథర్‌నెట్ సీఆర్‌సీ అచ్చం ఇంతే. ప్యాకెట్టుని ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దాటించే పెట్టె పాత సీఆర్‌సీని తీసేసి కొత్తది లెక్కేసి పెడుతుంది. ఆ మధ్యలో పెట్టె మెమరీలో బిట్టు మారితే, మారిన డేటాకే సరైన సీఆర్‌సీ వస్తుంది. ఇంటి దొంగని ఈశ్వరుడే పట్టలేడంటారు, ఇక సీఆర్‌సీ ఎంత!

మిగిలిన దిక్కు టీసీపీ చెక్‌సమ్. అది పదహారు బిట్లది, ఉత్త కూడిక. రెండు పదహారు బిట్ల ముక్కలు చోటు మార్చుకున్నా మొత్తం మారదు. జొనథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ 2000లో అసలు ట్రాఫిక్కుని పట్టి చూశారు. సీఆర్‌సీ దాటి వచ్చి టీసీపీ చెక్‌సమ్ దగ్గర తప్పిన ప్యాకెట్లు 1,100కి ఒకటి నుంచి 32,000కి ఒకటి దాకా ఉన్నాయట. టీసీపీని కూడా దాటి లోపలికి వచ్చేసేవి 1.6 కోట్లకి ఒకటి నుంచి 1,000 కోట్లకి ఒకటి దాకా ఉండొచ్చని అంచనా వేశారు. అబ్బే, ఎంతలే అనిపిస్తుంది. కానీ ఒక్క టెరాబైటు పంపాలంటేనే మామూలు సైజు ప్యాకెట్లు దాదాపు 68 కోట్లు కావాలి. స్టోరేజీ క్లస్టర్‌కి అదో లెక్కా?

2008లో అమెజాన్ ఎస్3కి నెల తేడాలో రెండు దెబ్బలు తగిలాయి. జూన్ 20 రాత్రి సర్వీసులోకి తెచ్చిన ఒక లోడ్ బ్యాలెన్సర్, లోడ్ పడినప్పుడు అప్పుడప్పుడూ ఒక్కో బైటుని పాడుచేసింది. రెండో రోజు, అంటే జూన్ 22న తీసేశారు. ఫైలుతో పాటు ఎండీ5 కూడా పంపే అలవాటున్న వాళ్ళకి తప్పు తెలిసింది, మిగతావాళ్ళకి తెలియలేదు. జూలై 20 ఆదివారం నాడు, సర్వర్లు ఒకదాని స్థితి ఒకటి చెప్పుకునే కబుర్లలో కొన్నిటికి ఒక్క బిట్టు మారింది. ఆ తప్పుడు కబురు అంతా పాకి, సర్వీసు మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కస్టమర్ల డేటాకి చెక్‌సమ్ ఉంది, ఈ లోపలి కబుర్లకి లేదు. 28 ఏళ్ళ తర్వాత ఆర్పానెట్ కథే మళ్ళీ!

ఇప్పుడు మా కథ. ఆ కుర్రాడు నాతో వాదించలేదు. పంపేచోట ఒక చెక్‌సమ్, అందుకున్నచోట ఒక చెక్‌సమ్ తీసే చిన్న స్క్రిప్టు రాసి, మూడు వారాలు నడిపాడు. పాడైన ఫైళ్ళన్నీ ఒకే ర్యాక్ నుంచి బయటికి వచ్చేవే. అప్పుడు ఆ ఫైళ్ళు అందుకున్న సర్వర్లలో నెట్‌స్టాట్ -ఎస్ కొట్టి చూశాను. చెడిపోయి వచ్చిన టీసీపీ సెగ్మెంట్ల లెక్క వేలల్లో ఉంది! టీసీపీ వాటిని పారేసి మళ్ళీ తెప్పించుకుంటోంది. ఎప్పుడో ఒకటి మాత్రం దాని కన్నుగప్పి ఫైల్లోకి చేరుతోంది. మొదటి రోజే చూడాల్సిన అంకె అది. నేను స్విచ్ మాటే నమ్మాను, అందుకున్నవాణ్ణి అడగలేదు. ఆ దారిలో ఉన్న స్విచ్ కార్డు మార్చాం. ఆ తర్వాత ఒక్క ఫైలూ పోలేదు.

హడూప్ ఫైల్ సిస్టమ్ ఈ పాఠం నేర్చుకునే పుట్టింది. రాసేవాడే 512 బైట్లకో చెక్‌సమ్ కట్టి పంపుతాడు, చదివేవాడు మళ్ళీ లెక్కేసి చూసుకుంటాడు. మధ్యలో ఎన్ని పెట్టెలున్నా, వాటి మాట నమ్మక్కర్లేదు.

కార్డు మార్చిన రోజు సాయంత్రం ఆ కుర్రాడికి సారీ చెప్పాను. "పర్లేదన్నా" అని, కాసేపాగి, "అప్పుడు మెయిల్లో ఎవరెవర్ని పెట్టావో, ఇందులోనూ వాళ్ళందర్నీ పెట్టు" అన్నాడు. పెట్టాను. మేనేజర్ నుంచి క్లయింటు దాకా, ఒక్క పేరూ వదలకుండా. నేను రాసిన మెయిళ్ళలో సెండ్ నొక్కడానికి ఎక్కువసేపు పట్టింది దానికే.